ఫోన్‌లో రైలు టికెట్: రిజర్వేషన్‌కి నిశ్చింత, జనరల్‌కి ఇంకా చిక్కే

ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ రైలెక్కుతూనే ఉంటారు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు చుట్టాలు, విశాఖలో ఆసుపత్రి పని, హైదరాబాదులో పిల్లల ఉద్యోగాలు. చాలాకాలంగా ఫోన్‌లోనే టికెట్ చూపించి తిరుగుతున్నాను కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే రిజర్వేషన్ టికెట్‌కి ఫోన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కళ్ళు మూసుకుని వాడొచ్చు. జనరల్ టికెట్‌కి మాత్రం చదువుకున్న కుర్రాళ్ళకి బాగుంది గానీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంకా అందలేదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు స్టేషన్‌లో ఇప్పటికీ కనిపిస్తారు, గొడవంతా అక్కడే వస్తుంది.

ముందు రిజర్వేషన్ సంగతి. రైల్వే టికెట్ల సంస్థ ఐఆర్‌సీటీసీ 2002లో ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టినప్పుడు టికెట్ కొరియర్‌లో ఇంటికొచ్చేది, 2005లో ఈ-టికెట్ వచ్చాక ప్రింట్ తీసి పట్టుకెళ్ళేవాళ్ళం, 2012కల్లా ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూపిస్తే చాలన్నారు. ఇప్పటికీ ప్రింట్ లేకపోతే టెన్షన్ పడేవాళ్ళున్నారు, కానీ అవసరం లేదు. మన సీటు ఉండేది రైల్వేవాళ్ళ చార్టులో, అంటే ప్రయాణికుల జాబితాలో. టీసీ చేతిలోని మెషీన్‌లో మన పేరు, కోచ్, బెర్త్ అన్నీ కనిపిస్తాయి, మన ఫోన్‌లో ఉన్నది దానికి ఆనవాలు మాత్రమే. అందుకే మెసేజ్ అయినా, యాప్‌లో టికెట్ అయినా, దాని స్క్రీన్‌షాట్ అయినా నడుస్తుంది. అవేవీ చూపించలేకపోయినా పేరు చార్టులో ఉండి, ఐడీ కార్డు ఉంటే టికెట్‌కి 50 రూపాయలు జరిమానా కట్టి ప్రయాణం చేయొచ్చు.

ఐడీ లేకపోతే మాత్రం అంతే సంగతులు, టికెట్ లేకుండా ఎక్కినట్టే లెక్క. ఒక టికెట్ మీద ఎంతమంది ఉన్నా ఒక్కరి దగ్గర ఒరిజినల్ ఉంటే సరిపోతుంది. ఆధార్, ఓటరు కార్డు, పాన్, లైసెన్స్, ఏదైనా సరే, జిరాక్స్ కాపీ పనికిరాదు. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్న ఆధార్, లైసెన్స్ కూడా 2018 నుంచి ఒప్పుకుంటున్నారు, అయితే ప్రభుత్వం జారీచేసిన పత్రాల విభాగంలో ఉన్నవే చెల్లుతాయి, మనం ఫొటో తీసి ఎక్కించుకున్నవి చెల్లవు. ఇది చాలామందికి తెలియదు, తెలుసుకుని పెట్టుకోండి.

మా పెద్దమ్మది బటన్ ఫోను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్ళడానికి మా తమ్ముడు హైదరాబాదు నుంచి టికెట్ తీశాడు, బుక్ చేసేటప్పుడు ఫోన్ నంబరు దగ్గర తనది కాకుండా పెద్దమ్మదే ఇచ్చాడు, కాబట్టి మెసేజ్ నేరుగా ఆవిడకే వచ్చింది. టీసీ ఒడియాలో అడిగాడు, ఆవిడ తెలుగులో చెప్పి మెసేజ్ తెరిచి, ఆధార్ కార్డు పక్కన పెట్టింది, పని అయిపోయింది. స్మార్ట్ ఫోన్ లేని మనిషి కూడా ఇంత సులువుగా వెళ్ళగలగడం నాకు నిజంగా గొప్పగా అనిపించింది. కొడుకులు, కూతుళ్ళు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేస్తుంటే అమ్మానాన్నలు ఇక్కడ ఉండిపోయిన ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి, వాళ్ళకి ఇంతకన్నా కావలసిందేముంది?

ఈ నంబరు విషయం తేలిగ్గా తీసుకోకండి. మా వీధిలో టికెట్లు తీసే ఒక షాపువాడు తన నంబరే పెట్టేవాడు, చార్టు అయ్యాక వచ్చే మెసేజ్‌లు, రైలు ఆలస్యం కబుర్లు అన్నీ అతనికే వెళ్ళేవి, షాపు మూసేశాక మనకి చెప్పేవాడే ఉండడు. బయట తీయించుకుంటే మీ నంబరే పెట్టమని గట్టిగా చెప్పండి, రైల్వే అనుమతి ఉన్న ఏజెంటేనా అని కూడా అడగండి, సొంత ఐఆర్‌సీటీసీ ఖాతాతో టికెట్లు తీసి అమ్ముకోవడం నేరం.

వెయిటింగ్ లిస్టు గురించి ఒక మాట. చార్టు వేశాక కూడా అన్ని పేర్లూ వెయిటింగ్‌లోనే ఉండిపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయిపోయి డబ్బులు ఖాతాలోకి తిరిగొస్తాయి. ఫోన్‌లో పాత మెసేజ్ ఉంది కదా అని స్లీపర్ ఎక్కితే కుదరదు. పండగల ముందు ఈ గొడవ చూస్తూనే ఉంటాం, పిల్లాపాపలతో దిగిపోవలసి వచ్చినవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ఖర్చు సంగతికొస్తే యూపీఐతో కడితే ఏసీ లేని రిజర్వేషన్ తరగతికి 10, ఏసీకి 20 రూపాయలు సర్వీసు చార్జీ, వేరేలా కడితే 15, 30, పైన జీఎస్టీ. కౌంటర్‌కి వెళ్ళి వచ్చే ఆటో డబ్బులతో పోలిస్తే ఎక్కువేం కాదు.

ఇక జనరల్ టికెట్. జనరల్ టికెట్లు తీసుకునే యూటీఎస్ యాప్‌ని 2018 నవంబరు 1 నుంచి దేశమంతా వాడుకలోకి తెచ్చారు. 2025 జులై 1న వచ్చిన రైల్‌వన్ యాప్‌లో రిజర్వేషన్, జనరల్ రెండూ ఒకేచోట పెట్టారు, ఇది మంచి పని. పొద్దున్నే పలాస వెళ్ళాలంటే కౌంటర్ దగ్గర లైను, చిల్లర బాధ, అవతల రైలు ప్లాట్‌ఫాం మీదకొచ్చేసింది అనే కంగారు ఏవీ ఉండవు, ఇంటి దగ్గరే టికెట్ తీసుకుని నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళిపోవచ్చు. సర్వీసు చార్జీ లేదు, పైగా ఆర్-వాలెట్‌తో, అంటే యాప్‌లో ముందే వేసుకున్న డబ్బుతో కడితే 3 శాతం కలిసొస్తుంది.

అయితే ఇక్కడ నియమాలు పూర్తిగా వేరు. చార్టు లేదు, పేరు లేదు, మీ ఫోనే టికెట్. టికెట్ యాప్‌లోనే తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు, వాట్సాప్‌లో పంపిన ఫొటో అసలే చెల్లదు. చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే, కాబట్టి జనరల్ బోగీలో ఎక్కేటప్పుడు పాటలు వింటూ బ్యాటరీ ఖాళీ చేసుకోవద్దు. ఒడిశా దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్ళేటప్పుడు సిగ్నల్ పోతుంటుంది, దానికి భయపడనక్కరలేదు, తీసుకున్న టికెట్ నెట్ లేకపోయినా యాప్‌లో తెరుచుకుంటుంది. స్టేషన్ లోపలికి వచ్చాక మామూలుగా బుక్ కాదు, బయట ఉన్నప్పుడే తీసుకోవాలి, లేదంటే స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. పలాసలాంటి దగ్గరి ఊళ్ళకి తీసిన మూడు గంటల్లోపు బయలుదేరాలి. ఇలా ఫోన్‌లోనే ఉండే పేపర్‌లెస్ టికెట్‌ని రద్దు చేయడం కుదరదు, ప్రయాణం ఖాయం అనుకున్నాకే డబ్బు కట్టండి.

నా అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. పెద్దమ్మకి విశాఖ టికెట్ హైదరాబాదు నుంచి తీయగలిగిన తమ్ముడు, ఆవిడ ఒక్కత్తే పలాస వెళ్తే ఆ కాస్త జనరల్ టికెట్ మాత్రం తీయలేడు. ఎందుకంటే టికెట్ అతని ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఆవిడ ఫోన్‌లో యాప్ ఎక్కదు. పెద్ద ప్రయాణానికి ఉన్న వెసులుబాటు చిన్న ప్రయాణానికి లేకపోవడం ఏం న్యాయం? రోజూ రైలెక్కే కూలీలు, కాయగూరల బుట్టలతో వెళ్ళే ఆడవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో లైన్లో నిలబడలేని ముసలివాళ్ళు, వీళ్ళంతా ఎక్కేది జనరల్ బోగీయే. ఒకే టికెట్‌ని రెండు మూడు ఫోన్లలో చూపించి మోసం చేయకుండా ఈ కట్టడి పెట్టారు, అది నాకూ అర్థమైంది, తప్పనను. కానీ ఆధార్ నంబరుతోనో, పేరుతోనో ఒక మనిషికి ముడిపెట్టి, బటన్ ఫోన్‌కి మెసేజ్‌గా పంపే ఏర్పాటు జనరల్ టికెట్‌కీ చేయొచ్చు, టీసీ మెషీన్‌లో సరిచూసుకోవచ్చు. రిజర్వేషన్‌లో ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే కదా.

అప్పటిదాకా మా ఇంట్లో పద్ధతి ఇది. దూరం వెళ్ళేవాళ్ళకి, ఒక్క రాత్రి ప్రయాణమైనా సరే, రిజర్వేషన్ చేసి వాళ్ళ నంబరుకే మెసేజ్ వచ్చేలా చూస్తాం, ఒరిజినల్ ఆధార్ సంచిలో పెట్టి పంపిస్తాం. దగ్గరి ఊళ్ళకి వెళ్ళే పెద్దవాళ్ళతో ఎవరైనా కుర్రాళ్ళు వెళ్తుంటే ఆ ఫోన్‌లోనే అందరికీ కలిపి టికెట్ తీస్తాం. ఒంటరిగా వెళ్తే మాత్రం కౌంటర్‌లో కాగితం టికెటే కొనిపెట్టి, వాళ్ళని రైలెక్కించి వస్తాం.