షేర్ల లైవ్ ధరలకు బ్రోకర్ ఏపీఐ చాలా, ఎక్స్ఛేంజీ లైసెన్స్ కావాలా?

మీ ట్రేడింగ్ మీరు చేసుకోవడానికి బ్రోకర్ ఇచ్చే ఏపీఐ (మీ ప్రోగ్రామ్‌ని బ్రోకర్ సిస్టమ్‌తో కలిపే దారి) చాలు, ఖర్చూ తక్కువే. కానీ అది సాధారణంగా సొంత వాడకానికే. అవే లైవ్ ధరలను టెలిగ్రామ్ బాట్‌లో పదిమందికి చూపించారంటే చిక్కే. బాట్ కోడ్ మీరు రాసిందే కావచ్చు, ఆ ధరల ఫీడ్ మీద హక్కు మాత్రం ఎక్స్ఛేంజీది.

యాప్ పెట్టి అందరికీ చూపించాలంటే ఎన్‌ఎస్‌ఈ డేటా అండ్ అనలిటిక్స్ (ఎన్‌ఎస్‌ఈ ఎక్స్ఛేంజీ డేటాను అమ్మే సంస్థ) లాంటి చోట ఒప్పందం, ఫీజు తప్పవు. చిన్న స్టార్టప్‌కి బరువే. పోనీ, డబ్బు కట్టాం కదా అని ఎలా పడితే అలా వాడుకోవడానికీ లేదు: వర్చువల్ ట్రేడింగ్ గేమ్‌లకు లైవ్ ధరలు ఇవ్వొద్దని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 మేలో చెప్పింది.

సాయంత్రం ధరలతో పని జరిగిపోతే ఎక్స్ఛేంజీ సైట్‌లో భావ్‌కాపీ (ఆ రోజు ధరలన్నీ ఉండే ఫైలు) ఉచితంగా దొరుకుతుంది. నేనైతే ముందు దాంతోనే మొదలుపెడతాను. తిరిగి అమ్మాలనుకుంటే మాత్రం దాని షరతులూ చదవాల్సిందే.