బుడమేరుకు ఏది మేలు: గోడా, గట్టా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా కింది వాటా మొత్తం మునిగింది. డాబా మీద కూర్చుని పాల ప్యాకెట్ల కోసం పడవల వైపు చూసిన రోజులవి. అప్పటి నుంచి మా వీధిలో ఎవరిని కదిపినా ఒకటే మాట: "కృష్ణలంకలో కట్టినట్టు బుడమేరుకూ గోడ కట్టేస్తే సరిపోతుంది కదండీ!"

ఆ మాటను కొట్టిపారేయలేం. ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంత నీటినీ తట్టుకుని కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంకను కాపాడింది ఆ రిటైనింగ్ వాలే. పైగా గోడకు తక్కువ చోటు చాలు, ఇళ్లు ఎక్కువగా తీయనక్కర్లేదు.

కానీ కృష్ణ వేరు, బుడమేరు వేరు. కృష్ణలో వరద ఎక్కువగా శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుంటూ వస్తుంది, కాబట్టి ముందే కబురు అందుతుంది. బుడమేరు కొండవాగు. మైలవరం కొండల్లో కుండపోత కురిస్తే గంటల్లో మీదికొస్తుంది. రెండు వైపులా గోడలు కడితే ఏటి నీళ్లు ఊళ్లోకి రావేమో గానీ, ఊళ్లో పడ్డ వాన ఏట్లోకి ఎలా దిగుతుంది? ఏరు నిండుగా ఉన్నప్పుడు తూములు మూయాలి, మోటార్లతో తోడాలి. సరిగ్గా ఆ రాత్రే కరెంటు పోతే? గోడల మధ్య నీటి వేగమూ పెరుగుతుంది. ఆ ఉరవడంతా ఏరు కాలువ కిందుగా దాటే ఎనికేపాడు అండర్ టన్నెల్ మీద, ఆ తర్వాత కొల్లేరు దారిలోని ఊళ్ల మీద పడుతుంది. మన గండం వాళ్లకు తోసినట్టే.

ఇక కాంక్రీటు గోడకు చేప గుడ్లు పెట్టదు, కప్ప ఎక్కలేదు, కొంగ నిలబడలేదు. కొర్రమీనుకు కావాల్సింది ఒడ్డున గడ్డి, నిలకడైన లోతులేని నీళ్లు. ఏరు వెళ్లి కలిసేది కొల్లేట్లో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా 2002లో రాంసర్ గుర్తింపు పొందిన సరస్సులో. ఇక్కడ చచ్చిన నీళ్లే అక్కడి పక్షులకు చేరతాయి.

గట్టు అంటే నా ఉద్దేశం వట్టి మట్టికట్ట కాదు. ముందు ఏటికి తన వెడల్పు తనకిచ్చి, ఒడ్డు వాలుగా దిద్ది, నీటి అంచున తుంగ, జమ్ము, పైన కానుగ, నేరేడు, తెల్లమద్ది పెంచడం. "2024లో గండ్లు పడింది మట్టిగట్టుకే కదా?" అంటారు. నిజమే. బుడమేరు డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. చివరికి ఆర్మీ కూడా వచ్చి పూడ్చడంలో సాయం చేయాల్సి వచ్చింది. కానీ ఆ కాలువ మనం తవ్వింది. ఏటిని పక్కకు తిప్పి కృష్ణలో కలపడానికి కట్టిన దారి అది. అప్పటికే కృష్ణ కూడా పొంగి ఉంది. గండి పడ్డాక నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయి. ఆ దారిలో మా ఇళ్లున్నాయి. గట్టుకు ఏటేటా మరమ్మతు తప్పదు, అది దాని బలహీనతే. ఆ ఖర్చుకు ఒప్పుకునే గట్టును ఎంచుకోవాలి.

పొక్లెయిన్లతో పూడిక తీయించడం మూడో దారి. అవసరమే, కానీ అదొక్కటే చాలదు. మురుగు కలుస్తున్నంత కాలం గుర్రపుడెక్క తీసినా మళ్లీ పరుచుకుంటుంది. ఏ దారి పట్టినా డ్రైనేజీ నీటిని శుద్ధి చేశాకే ఏట్లోకి వదలాలి.

నన్నడిగితే గట్టే మేలు. రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని చోటే దొరకని చిన్న ముక్కల్లో మాత్రం గోడ కట్టుకోవచ్చు. ఒక్క షరతు. ఏటి స్థలమని తెలియక అప్పు చేసి జాగా కొనుక్కున్నవాళ్లు మా వీధి వెనకే ఉన్నారు. సర్వే చేసి హద్దురాళ్లు వేసిన రోజే వాళ్లకు వేరే చోట ఇంటి పట్టా చేతికివ్వాలి. ఆ తర్వాతే పొక్లెయిన్ రావాలి.