హాప్ స్పైడర్: పిప్పి కడిగితే తిరిగొచ్చే ఆ లీటరు కోసమే నా ఇష్టం

సియాటిల్ పక్కన అపార్ట్‌మెంట్ వంటగదిలో బీరు కాస్తుంటాను. హాప్ స్పైడర్ అంటే కెటిల్ (బీరు మరిగించే పెద్ద గిన్నె)లో వేలాడదీసి, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు వేసుకునే స్టీలు జాలీ బుట్ట. దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొలతలూ కొక్కేల జోలికి పోను. నాకు దీని మీద ఇష్టమంతా ఒక్క పని వల్లే: వోర్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, అంటే మాల్ట్, నానబెట్టి తీసిన తీపి రసం) మరిగాక హాప్స్ పిప్పిని బుట్టలోనే కడుక్కోవచ్చు.

ఐపీఏ (హాప్స్ ఎక్కువగా పడే చేదు బీరు) కాచేవాళ్లకు ఈ బాధ తెలుసు. 19 లీటర్ల బ్యాచ్‌లో 200 గ్రాముల పెల్లెట్లు (హాప్స్ పొడిని నొక్కి చేసిన గుళికలు) వేస్తే అవి లీటరున్నర దాకా వోర్ట్ పీల్చేసుకుంటాయి. మాల్ట్ కొని, నానబెట్టి, గంటసేపు మరిగించి తీసిన వోర్ట్ అది. పారబోయాలంటే నాకు ప్రాణం ఒప్పదు. ఇదివరకు గుడ్డసంచీలో వేసి పిండేవాణ్ని. చేతులు కాలేవి, సన్నటి ఆకుపచ్చ మడ్డి దిగేది, బీరు వగరెక్కేది. బుట్టను మాత్రం కెటిల్ మీదికి ఎత్తి తగిలించి, గరిటెతో నెమ్మదిగా వేడినీళ్లు పోస్తే చాలు.

ఆ నీళ్లను ముందే మరిగించి 77 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారనిస్తాను. 80 దాటితే చేదు ఇంకా దిగుతూనే ఉంటుంది, వగరూ తోడవుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే మరుగుకు పోతుంది. మరిగించినా తేలిగ్గా పోని క్లోరమిన్ కలిపే ఊళ్లలో మాత్రం క్యాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైట్ బిళ్ల) వేయాల్సిందే, లేకపోతే బీరుకు మందుల వాసన పడుతుంది.

ఫలితం? కెటిల్‌లో గ్రావిటీ (వోర్ట్‌లో చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత; నీళ్లది 1.000) 1.065 ఉన్నప్పుడు, లీటరు నీళ్లు పోస్తే కిందికి దిగేది 1.040 దగ్గర ఉంటుంది. మొత్తం కలిపితే సుమారు ఒక పాయింటు (0.001) తగ్గుతుంది, అంతే. దానికి దాదాపు మూడు సీసాల బీరు ఎక్కువ వస్తుంది. ఒక్కోసారి ఆ కడుగును కెటిల్‌లో కలపను. విడిగా పట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాతి బ్యాచ్‌కు ఈస్ట్ స్టార్టర్‌గా (ఈస్ట్‌ను ముందుగా పెంచుకునే కొద్దిపాటి వోర్ట్) వాడతాను. వాడే ముందు మళ్లీ మరిగిస్తాను. స్టార్టర్‌కు కావలసిన గ్రావిటీ కూడా సుమారుగా అదే కాబట్టి డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని ఎండబెట్టిన పొడి) ఖర్చు మిగులుతుంది.

ఇబ్బందల్లా పెల్లెట్లు మరీ ఎక్కువైనప్పుడే. ఒకసారి డబుల్ ఐపీఏ (ఇంకా ఎక్కువ హాప్స్ పడే ఘాటైన ఐపీఏ) కాచినప్పుడు పిప్పి, మాల్ట్ ప్రోటీన్ల మడ్డి కలిసి జాలీని పూర్తిగా మూసేశాయి. పోసిన నీళ్లు పైన చెరువులా నిలిచిపోయాయి. బుట్టను ఊపినా, గరిటెతో గోడలు గీకినా చుక్క దిగలేదు. చల్లబరచాల్సిన వోర్ట్ ఒకపక్క అలాగే ఉండిపోవడంతో నాకు టెన్షన్ పట్టుకుంది. యాకిమా లోయలో పండిన ఎండు హాప్ పూలు ఇంట్లో కొన్ని ఉన్నాయి. రెండు గుప్పిళ్లు బుట్టలో వేసి అడుగు దాకా కలిపాను. కాసేపటికి నీళ్లు సన్నటి ధారగా దిగడం మొదలైంది. గోధుమ మాల్ట్ ముద్దకట్టకుండా మనం ఊక కలుపుతాం చూడండి, ఇక్కడా అదే పని జరిగింది. ఇంగ్లండ్‌లో పాత బ్రూవరీలు హాప్‌బ్యాక్ (మరిగిన వోర్ట్‌ను వడకట్టే తొట్టి)లో పూల పొర మీదుగానే వోర్ట్‌ను వడకట్టి, ఆ పూలను వేడినీళ్లతో కడిగేవి. ఆ పద్ధతి ఎంత తెలివైనదో ఆ రోజు నా వంటగదిలో చూశాను. అప్పటినుంచి పెల్లెట్లతో పాటు కొన్ని పూలు వేయకుండా కాచడం లేదు.

ఇంత మెచ్చుకున్నాక ఇదీ చెప్పాలి. బుట్టలో హాప్స్ స్వేచ్ఛగా తిరగవు కాబట్టి చేదు కాస్త తక్కువ దిగుతుంది. నేను చేదు కోసం వేసే హాప్స్‌ను పదోవంతు పెంచాను. అంటే కడిగి మిగుల్చుకున్న దాంట్లో కొంత అక్కడికే పోతోంది. పూలు కూడా పెల్లెట్ల కంటే ఎక్కువే పీలుస్తాయి. పిల్స్‌నర్ లాంటి తేలికపాటి బీరులో 30 గ్రాముల హాప్స్ కోసం కడగడం దండగ. ఆ రుచిలో కొంచెం వగరు వచ్చినా నాలుకకు తెలిసిపోతుంది.

అడుగున కుళాయి ఉన్న పెద్ద కెటిల్, గిర్రున తిప్పి మడ్డిని మధ్యలోకి చేర్చే సౌకర్యం ఉన్నవాళ్లకు ఈ బుట్ట అవసరం అంతగా ఉండకపోవచ్చు. నాది చిన్న స్టవ్, చిన్న సింకు, కాచేది ఎక్కువగా ఐపీఏలే. నా వరకైతే ఇది పాడైతే మళ్లీ ఇదే కొంటాను, కానీ ఈసారి ఇంకొంచెం వెడల్పుది చూస్తాను.