రాన్‌స్టాట్ నునుపు, మిచెల్ గరుకు

పాత జాజ్ పాటలను కొత్త గొంతులో వినాలనిపిస్తే నా దగ్గర రెండు ఆల్బమ్‌లు పోటీపడతాయి. ఒకటి లిండా రాన్‌స్టాట్ 1983లో తెచ్చిన ‘వాట్స్ న్యూ’, రెండోది జోనీ మిచెల్ 2000లో తెచ్చిన ‘బోత్ సైడ్స్ నౌ’.

రాన్‌స్టాట్ అప్పటికే పేరున్న రాక్ గాయని. పాత తరం అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాటలకు వాద్య సంగీతం కూర్చిన నెల్సన్ రిడిల్‌తోనే పనిచేసి తొమ్మిది పాటలు పాడారు. స్వరం నిండుగా, శుభ్రంగా ఉంటుంది. ఈ పాటలు కొత్తగా వినేవారికి ఇదే సులువైన దారి. కాకపోతే అంత నునుపులో బాధ కాస్త జారిపోతుంది.

సొంతంగా పాటలు రాసి పాడే మిచెల్ పద్ధతి వేరు. ఒక ప్రేమ మొదలై, చెడి, చల్లారే వరుసలో పాటలను పేర్చారు. విన్స్ మెండోజా కూర్చిన ఆర్కెస్ట్రా పెద్దదే అయినా చెవి ఆమె గొంతు మీదే నిలుస్తుంది. 1969లో పైస్థాయిలో సన్నగా తేలిన ఆ గొంతు ఇక్కడ మంద్రానికి దిగి గరుకెక్కింది. అప్పటి తన సొంత పాట ‘బోత్ సైడ్స్ నౌ’నే చివర్లో మళ్లీ పాడారు. పదాలు అవే, కానీ ఇరవైల్లో ఊహించి రాసినవి యాభై దాటాక అనుభవించి చెప్పినట్టుంటాయి.

ఇంటికి చుట్టాలొచ్చిన సాయంత్రం రాన్‌స్టాట్‌ను పెట్టుకోవచ్చు. ఒంటరిగా వినడానికి మాత్రం నా ఓటు మిచెల్‌కే, అదీ పాటల వరుస మార్చకుండా.