బోరు బండి కోసం జాగ చదును చేయిస్తున్నారా? ముందు ఇది చదవండి

తాండూరు వైపు చేలల్లో బోరు వేయించే రైతులకు చెప్తున్నా. "మొరం పోస్తే చాలు" అని ఏజెంటు నోటిమాటగా చెప్తే నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.

మాది నల్లరేగడి. కంది కోసినంక ఏజెంటు వచ్చి చేనంతా తిరిగి చూశాడు. బోరు బండి, వెనక రాడ్ల లారీ తిరిగేంత దారి కావాలన్నాడు. కరెంటు తీగల కింద మాస్ట్ (బండి మీద నిలబెట్టే పొడుగు స్తంభం) లేపొద్దు, పాయింటు (బోరు వేసే చోటు) దూరంగా పెట్టమన్నాడు. మొరం పోసి తొక్కించమన్నాడు. అన్నీ చేయించా. జేసీబీ కిరాయి, మొరం ట్రిప్పులు, తుమ్మ కొమ్మలు కొట్టిన కూలి అంతా నా జేబులోంచే.

బండి రాత్రి పూట వచ్చింది. డ్రైవరు పాయింటు మీదికి సర్దుకుంటూ వెనక జాకీని (బండి కదలకుండా నేలకు ఆనించే కాలు) మొరం దాటించి ఉత్త రేగడి మీద దించాడు. కింద చెక్క దిమ్మెలు వేయమని మొత్తుకున్నా వినలేదు. కంప్రెషర్ కొట్టిన బురద నీళ్లు నేరుగా ఆ జాకీ కిందికే పారాయి. జాకీ అడుగు పళ్లెం జానెడు లోతు దిగిపోయి బండి ఒరిగింది. పక్కనే నా మొరం చెక్కు చెదరలేదు, ఫొటోలున్నాయి.

పొద్దున ఏజెంటు వచ్చి ఏమన్నాడో తెలుసా? "జాగ సరిగ్గా చేయకుండా బండిని ఎందుకు పిలిచినవ్? వెయిటింగ్ చార్జీ కట్టు." మొరం చాలన్నది నువ్వే కదా అంటే, "నేనెప్పుడన్న? రాసిచ్చిన్నా?" అని మా ఇంటోళ్ల ముందే గద్దించాడు. అడ్వాన్సు తీసుకున్న నాడు ఇదే నోటితో నన్ను పటేలా అన్నాడు!

అదనంగా ఒక్క పైసా ఇవ్వనన్నా. గుంత కూలకుండా దించిన కేసింగ్ పైపు కూడా పీక్కుని, బోరు గుంత నోరు తెరిచి ఉండగానే వెళ్లిపోయారు. పిల్లలు తిరిగే చేను అది. వదిలేసిన బోరును అడుగు నుంచి పైదాకా పూడ్చాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రాళ్లు, మట్టి పోసి నేనే పూడ్పించా. అడ్వాన్సు అడుగుదామంటే ఫోన్ ఎత్తడం లేదు.

జేసీబీ పిలవకముందే జాకీలు ఎక్కడ దిగుతాయో ఏజెంటు చేతనే మేకులు కొట్టించండి. జాగ చూసి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద బండికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. బురద నీళ్లు జాకీల వైపు పారకుండా కాలువ తీయించండి.

ఆ ఏజెంటు ఎవరో మా వైపు వాళ్లు విడిగా అడిగితే చెప్తా.