పేదరికం మీద ఫీచర్ రాయడం నేర్చుకునేవాళ్లకు ‘పారీ’ ఎంత పనికొస్తుంది?

జర్నలిజం తరగతుల్లో ఫీచర్ పాఠం మొదలైతే తొలి అసైన్‌మెంట్ దాదాపు ఇలాగే ఉంటుంది: మీ ఊళ్లో కాయకష్టం మీద బతికే ఒక మనిషిని ఎంచుకోండి, ఎనిమిది వందల మాటల్లో రాయండి. వచ్చే కాపీలు, అంటే విద్యార్థులు రాసిచ్చే కథనాలు కూడా ఒకే అచ్చులో ఉంటాయి. ఇంట్రోలో ముడతలు పడ్డ మొహం, మధ్యలో గుండె తరుక్కుపోయే రెండు మాటలు, చివర ‘దాతలు ఆదుకోవాలి’. అంతా చదివాక కూడా ఆ మనిషి రోజుకు ఎన్ని గంటలు వంగి పని చేస్తుందో, బస్తాకు ఎంత ముడుతుందో, అందులో మేస్త్రీకి ఎంత పోతుందో తెలియదు. జాలి మిగులుతుంది, మనిషి మాత్రం కనపడదు.

ఈ లోపం సరిదిద్దుకోవడానికి తెలుగు విద్యార్థికి పైసా ఖర్చు లేకుండా దొరికే వాటిలో పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, పొట్టిగా పారీ, అన్నిటికంటే గట్టిది. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టిన ఈ భాండాగారంలో పల్లె బతుకుల మీద కథనాలు, ఫొటోలు, వీడియోలు, పాటలు, నివేదికలు ఉన్నాయి. చందా లేదు, ప్రకటనలు లేవు. ఇంగ్లీషుతో పాటు తెలుగు సహా పదికి పైగా భారతీయ భాషల్లో చదువుకోవచ్చు. మామూలు పాఠకుడికి ఇది ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. ఇక్కడ చూస్తున్నది రాయడం నేర్చుకునేవాళ్లకు ఏమి దొరుకుతుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నదే.

దీని అసలు బలం పనిని పూసగుచ్చినట్టు చూపించడంలో ఉంది. మొదట చూడాల్సింది పల్లె ఆడవాళ్ల పని మీద సాయినాథ్ 1993–2002 మధ్య పది రాష్ట్రాల్లో తీసిన ఫొటోల ప్రదర్శన. అది ఆంధ్రప్రదేశ్ ఇటుక బట్టీతోనే మొదలవుతుంది. ఒడిశా నుంచి వలస వచ్చిన ఆడవాళ్లు వేడి ఇటుకలు నెత్తిన పేర్చుకుని చెప్పుల్లేని కాళ్లతో వరసగా నడుస్తుంటారు. ఫొటో కింది రాతలో కన్నీళ్ల గురించి ఒక్క మాట కూడా ఉండదు. ఆడవాళ్లకు రోజుకు 10–12 రూపాయలు, మగవాళ్లకు 15–20 రూపాయలు అని ఉంటుంది. అడ్వాన్సులిచ్చి కుటుంబాలకు కుటుంబాలనే తీసుకొచ్చే పద్ధతి గురించి ఉంటుంది. ఆ రెండు కూలి రేట్లు పక్కపక్కన పెట్టడమే మొత్తం వ్యాఖ్యానం. విద్యార్థికి మంచి కసరత్తు: ఫొటో కింది రాత కనపడకుండా మూసి, ఫొటో చూస్తూ సొంతంగా 60 మాటలు రాయాలి, తర్వాత పోల్చుకోవాలి. మొదటిసారి రాసినదాంట్లో విశేషణాలే ఎక్కువ కనపడతాయి. ‘దీనంగా’, ‘ఆశగా’, ‘నిస్సహాయంగా’ కొట్టేస్తే మిగిలేది ఎంతో చూసుకుంటే, క్షేత్రంలో అడగకుండా వదిలేసిన ప్రశ్నలు ఎన్నో తెలిసిపోతుంది.

రెండోది పుదుక్కోట్టై సైకిళ్ల కథనం. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, కలెక్టర్ షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో, లక్షమందికి పైగా పల్లె ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. పేదరికం మీద ఫీచర్ అంటే చావు కబురే కానక్కర్లేదని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అందులో ఒక చిన్న వివరం ఉంది. ఆడవాళ్ల సైకిళ్లు చాలక చాలామంది మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. కొందరైతే వాటినే ఇష్టపడ్డారు, ఎందుకంటే సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఉండే కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. ఈ ఒక్క కడ్డీలో తల్లి పని, బిడ్డ బాధ్యత, బస్సు లేని రోడ్డు, కొనే శక్తి అన్నీ ఇమిడిపోయాయి. ఇలాంటి వివరం ‘మీ కష్టాలు చెప్పండమ్మా’ అని అడిగితే రాదు. ‘ఈ సైకిలే ఎందుకు కొన్నారు?’ అని వస్తువు గురించి అడిగితే వస్తుంది.

చదివే పద్ధతి సరిగా లేకపోతే మాత్రం పారీ వల్ల పెద్ద లాభం ఉండదు. వరసగా పది కథనాలు చదివితే మనసు బరువెక్కుతుంది, చెయ్యి తిరగదు. వారానికి ఒక్కటి చాలు. దాన్ని కాగితం మీద అచ్చు తీసుకుని నాలుగు రంగులతో గీతలు గీయాలి. కళ్లతో చూసిన దృశ్యానికి ఎరుపు, ఆ మనిషి చెప్పిన మాటకు ఆకుపచ్చ, అంకెకు నీలం, నివేదికల నుంచో చట్టం నుంచో తీసుకున్నదానికి నలుపు. మంచి కథనంలో నీలం ఒంటరిగా ఉండదు, దానికి ఆనుకుని ఎరుపో ఆకుపచ్చో ఉంటుంది. కూలి అంకె వచ్చిన చోటే ఆ కూలి చేస్తున్న చెయ్యి కూడా కనపడుతుంది. నలుపు సాధారణంగా మూడో వంతు దాటాక గానీ రాదు. విద్యార్థుల కాపీల్లో ఇది తలకిందులవుతుంది: రెండో పేరాలోనే గూగుల్‌లో దొరికిన గణాంకాలన్నీ కుప్పపోస్తారు, మనిషి మళ్లీ చివరి పేరాలో గానీ కనపడడు.

తర్వాత ప్రతి నీలం గీతకూ ఎదురుగా, ఆ అంకె రావాలంటే ఏ ప్రశ్న అడిగి ఉంటారో రాయాలి. ‘రోజు కూలి 400’ అన్న చోట ఆగిపోకూడదు. ఏడాదికి ఎన్ని రోజులు పని దొరికింది? ఛార్జీలు ఎవరు పెట్టుకున్నారు? కూలి చేతికి ఇచ్చారా, అడ్వాన్సులో కోసుకున్నారా? బట్టీల్లో ఒడిశా కూలీల లెక్క మనిషికి కాదు, పథూరియా అనే జట్టుకు. జట్టులో సాధారణంగా మొగుడు, పెళ్లాం, ఒక పిల్లవాడు ఉంటారు. అడ్వాన్సు జట్టు మొత్తానికి కలిపి ఇస్తారు, ఇటుకల లెక్కా జట్టుకే. ఇది తెలియకుండా ‘ఒక్కో కూలికి ఎంత?’ అని అడిగితే వచ్చే అంకె తప్పే. పాలమూరు కూలీల దగ్గర, వాళ్లను జట్టుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వాటా అడగకపోయినా ఇదే పొరపాటు జరుగుతుంది.

లైబ్రరీ విభాగాన్ని విద్యార్థులు ఎక్కువగా పట్టించుకోరు, అది నష్టం. ప్రభుత్వ, స్వతంత్ర సంస్థల నివేదికలు పూర్తి పాఠంతో ఉంటాయి. ముందు చిన్న పరిచయం, ముఖ్యాంశాలు ఉంటాయి. పేదరికం గురించి రాసేటప్పుడు ‘దారిద్ర్యరేఖకు దిగువన’ అని అలవాటుగా వాడేస్తారు. ఏ రేఖ? 2011–12 ధరల్లో టెండూల్కర్ కమిటీ లెక్క ప్రకారం దేశస్థాయిలో పల్లెల్లో మనిషికి నెలకు 816 రూపాయల ఖర్చు, పట్టణాల్లో 1,000. అదే ఏడాదికి రంగరాజన్ కమిటీ లెక్క 972, 1,407. గీత కాస్త జరిగితే కోట్లమంది ఇటువాళ్లు అటవుతారు. అసంఘటిత రంగం మీద వేసిన అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2007లో చెప్పిన ‘77 శాతం మంది రోజుకు 20 రూపాయల లోపు’ అన్న మాటను ఇప్పటికీ తేదీ లేకుండా వాడేవాళ్లున్నారు. అది 2004–05 నాటి లెక్క. ఇక మన రాష్ట్రాల్లో తెల్ల రేషన్ కార్డు ఉండటం ఈ రేఖల్లో దేనికీ సమానం కాదు, కార్డు అర్హతలు వేరు. ముఖ్యాంశాలు చూసి అంకె ఎత్తుకోకుండా నివేదికలో ఆ పట్టిక దాకా వెళ్లి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న సంవత్సరం చూసుకోవాలి.

ఇక లోపాలు. తెలుగు చదువరికి అన్నిటికంటే పెద్దది భాష దారి. అనంతపురం రైతు తెలుగులో చెప్పిన మాట చాలాసార్లు ఇంగ్లీషు కథనంగా మారి, అక్కణ్నుంచి అనువాదమై మళ్లీ తెలుగులోకి వస్తుంది. వెళ్లేటప్పుడు యాస పోతుంది, వచ్చేటప్పుడు పుస్తకభాష అంటుకుంటుంది. అనువాదకుల శ్రమ చిన్నది కాదు, కొందరు చాలా బాగా చేస్తున్నారు. అయినా రెండుసార్లు రేవు దాటిన మాట మొదటి మాట కాదు. అందుకే నిర్మాణం, పరిశోధన నేర్చుకోవడానికి తెలుగు అనువాదం సరిపోతుంది గానీ, మనుషుల మాట ఎలా రాయాలో నేర్చుకోవడానికి సరిపోదు. దానికి రికార్డర్ పెట్టుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టడం ఒక్కటే దారి. వీడియోలున్న కథనాలైతే కళ్లు మూసుకుని విని, తర్వాత రాతలో ఆ మాట ఏమైందో పోల్చి చూడవచ్చు.

ఈ భాష దారిలో కొలతలు, లెక్కలు కూడా జారిపోతాయి. ఏ అనువాదంలోనైనా జరిగేదే, కానీ పేదరికం కథనంలో ఇది ప్రాణం మీదికి వస్తుంది. ‘నూటికి మూడు రూపాయల వడ్డీ’ అంటే నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. ఇంగ్లీషులో ‘మూడు శాతం’ అయి, తెలుగులోకి అలాగే తిరిగొస్తే, చదివినవాడు బ్యాంకు కంటే చవక అప్పు అనుకుంటాడు. గోదావరి జిల్లాల్లో కౌలు బస్తాల్లో చెప్తారు, ధాన్యం బస్తా 75 కిలోలు. ఎకరాకు 30 బస్తాలంటే 22.5 క్వింటాళ్లు. ‘30 సంచులు’ అని రాస్తే ఆ బరువు గాల్లో కలిసిపోతుంది. సెంటు ఎకరంలో నూరో వంతు, గుంట నలభయ్యో వంతు. సొంతంగా రాసేటప్పుడు ఊరి కొలత అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట కిలోల్లోనో ఎకరాల్లోనో విప్పి చెప్పాలి.

రెండో లోపం: చాలా కథనాల నడక ఒకేలా ఉంటుంది. తెల్లవారుజామున నిద్రలేచే మనిషి, పనిలోకి ప్రయాణం, వెనక కథ, విధానం మీద రెండు పేరాలు, చివర్లో ఆ మనిషిదే ఒక బరువైన మాట. ఒక్కొక్కటిగా చదివితే బాగుంటుంది. అనుకరిస్తే మూసయిపోతుంది. ఉదయం నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం లేదు: అప్పు కాగితం నుంచో, సంతలో తూకం దగ్గర నుంచో, మస్టరులో (పని హాజరు పట్టీలో) పేరు లేని రోజు నుంచో మొదలుపెట్టొచ్చు.

మూడోది కాలం. భాండాగారం కాబట్టి పాత కథనాలూ కొత్తవీ పక్కపక్కనే ఉంటాయి. 1990ల కూలి, 2016 కూలి ఒకే వాక్యంలో కలిపేసిన విద్యార్థి కాపీలకు కొదవ లేదు. ప్రచురణ తేదీ వేరు, క్షేత్రానికి వెళ్లిన తేదీ వేరు, రెండూ రాసిపెట్టుకోవాలి.

దాదాపు ఎవరూ చూడని నిధి ఒకటుంది, తిరగలి పాటలు. మహారాష్ట్ర పల్లెల్లో పిండి విసురుతూ ఆడవాళ్లు పాడిన ఓవీలు అనే మరాఠీ జానపద పాటలు లక్షకు పైగా ఉన్న సేకరణ. పాడినామె పేరు, ఊరు, కులం, వృత్తి పాటతో పాటే నమోదు చేశారు. ఫీచర్ విద్యార్థికి ఇందులో రెండు పాఠాలు. ఒకటి, పేద మనిషి తన బతుకును తానే ఎంత బాగా చెప్పుకోగలదో వినడం. రెండు, ‘ఒక మహిళ చెప్పింది’ అని రాయకుండా ఎవరి మాటకు వాళ్ల పేరు పెట్టడం. పేరు పెడితే ఆమెకు యజమానితోనో ఊరితోనో ముప్పు వచ్చే చోట మాత్రం పేరు మార్చాలి, మార్చిన సంగతి కథనంలో చెప్పాలి.

పారీలో విద్యార్థుల రచనలకూ చోటుంది. ఎడ్యుకేషన్ విభాగంలో స్కూలు, కాలేజీ పిల్లలు రాసినవి కనిపిస్తాయి. పేరున్న విలేఖరుల కథనాల కంటే ముందు ఇవి చదవడం మేలు, ఎందుకంటే తనకు అందే ఎత్తు ఎంతో తెలుస్తుంది. అలాంటి చోటికి పంపాలనుకునేవాళ్లు ఒక్క పూట వెళ్లొచ్చి రాయడానికి కూర్చోకూడదు. కనీసం మూడుసార్లు వెళ్లాలి: మొదటిసారి పని చూడటానికి, రెండోసారి లెక్కలు అడగడానికి, మూడోసారి రాసిన అంకెలు ఆ మనిషికే చదివి వినిపించడానికి. రెండోసారి వెళ్లినప్పుడు రేషన్ కార్డు, ఉపాధి జాబ్‌కార్డు, పాస్‌బుక్కు చూపించమని అడగవచ్చు గానీ, వాటి నంబర్లు కనపడేలా ఫొటో తీయకూడదు. తప్పులు ఎక్కువగా బయటపడేది మూడోసారే. వడ్డీ, కౌలు, అడ్వాన్సు, ఈ మూడింటి దగ్గర ‘అట్లా కాదయ్యా’ అని ఆపి మళ్లీ మొదటినుంచి చెప్తారు. అప్పుడు రాసుకున్నదే కాపీలోకి వెళ్లాల్సిన లెక్క.