అబిస్కో: మబ్బు నిలవని ఊళ్లో బస

స్వీడన్ ఉత్తర కొసకు అరోరా (ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో కదలాడే రంగుల వెలుగు) చూడడానికి వెళ్లే మనవాళ్లు చాలామంది కిరునాలో దిగి అక్కడే గది తీసుకుంటారు. విమానాశ్రయం, హోటళ్లు, భోజనశాలలు అన్నీ ఆ పట్టణంలోనే ఉన్నాయి కనుక అది సహజమే. అయితే మేము రెండు చోట్లా ఉండి చూసినంతలో, పగటి వసతులకు కిరునా మేలు గానీ, రాత్రి ఆకాశం కోసమైతే అక్కడికి పశ్చిమాన వంద కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న అబిస్కో అనే చిన్న ఊళ్లోనే బస చేయాలి.

ఇందుకు కారణం ఆ ఊరి వాతావరణం. అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమగాలులు నార్వే సరిహద్దు కొండల మీదే తమ వాననూ మంచునూ కురిపించేసి, ఇటు దిగేసరికి పొడిబారిపోతాయి. ఫలితంగా అబిస్కోలో వానా మంచూ కలిపి ఏడాదికి పడేది సుమారు 300 మిల్లీమీటర్లే. రైల్లో గంట ప్రయాణం కూడా లేని సరిహద్దు ఊరు రిక్స్‌గ్రాన్సెన్‌లో దానికి దాదాపు మూడు రెట్లు పడుతుంది. వర్షచ్ఛాయ ప్రాంతమంటే అనంతపురమని చదువుకున్న మనకు, అక్కడి 550 మిల్లీమీటర్ల కంటే తక్కువ కురిసే ఊరు మంచు నేలలో ఉండడం వింతగానే తోస్తుంది. చలికి నీరు అంతగా ఆవిరి కాదు కనుక ఆ కొద్దిపాటి తడితోనే బర్చ్ అడవులూ చిత్తడి నేలలూ బతుకుతున్నాయి. చుట్టూ మబ్బులు మూసుకున్నప్పుడు కూడా ఊరి పక్కనున్న టోర్నేట్రాస్క్ సరస్సు మీద ఆకాశం తరచుగా తెరిపిగా ఉంటుంది.

మేము వెళ్లినది మార్చిలో. డిసెంబరులో కొన్ని వారాల పాటు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. మార్చిలో పగలూ రాత్రీ సమానంగా ఉండి, నడవడానికి వెలుతురూ, చూడడానికి చీకటీ రెండూ దొరుకుతాయి. రాత్రి మైనస్ 15 దాటినా పొడి చలి కాబట్టి తట్టుకోగలిగాము గానీ, గాలి లేచిన రాత్రి మాత్రం పది నిమిషాలకు మించి బయట నిలబడలేకపోయాము. ఈ చలి కూడా మునుపటిది కాదట: ఊళ్లోని పరిశోధన కేంద్రంలో 1913 నుంచి నమోదైన ఉష్ణోగ్రతలను చూస్తే, ఏడాది సగటు సుమారు రెండున్నర డిగ్రీలు పెరిగి సున్నాను దాటింది.

రైలు దిగడానికి ఇక్కడ రెండు స్టేషన్లు ఉన్నాయి, బుకింగుకు ముందే ఏది కావాలో తేల్చుకోవడం మంచిది. ఊరికి అబిస్కో ఎస్ట్రా. అక్కడ హాస్టళ్లు, కిరాణా దుకాణం ఉంటాయి. దాని తరువాతిది, 1909లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనం ముఖద్వారంలోని టూరిస్టు స్టేషన్. అక్కడి వసతి గృహం సరస్సుకు దగ్గర, ఊరి దీపాలకు దూరం. వృద్ధులతో వెళ్లేవారికి అదే సుఖం. మేము ఖర్చు చూసుకుని ఊళ్లోని హాస్టల్లో దిగాము. దుప్పటికీ దిండు గలీబుకూ విడిగా డబ్బు కట్టాలి, ఖాళీ చేసేటప్పుడు గది మనమే ఊడ్చి తుడవాలి. ఇది ఆ దేశపు హాస్టళ్లలో మామూలే కనుక దాన్ని లోపంగా లెక్కించలేదు. తడిసిన బూట్లు, చేతి తొడుగులు ఆరబెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక వేడి గది ఉంది. నా దృష్టిలో మంచి పరుపు కంటే అదే ముఖ్యం. ఉమ్మడి వంటగదిలో అన్నం వండుకుని కందిపొడి, ఆవకాయతో తిన్నాము. శాకాహారులకు ఊళ్లో దొరికే భోజనం తక్కువ, ధర ఎక్కువ.

కుర్చీ లిఫ్టులో నూలియా కొండ మీది 900 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లే అరోరా స్కై స్టేషన్‌కు పేరు గొప్పదే. దృశ్యం, చీకటి, వెచ్చని గది కావాలంటే వెళ్లవచ్చు. కింద పొగమంచు కమ్మిన రాత్రి అది నిజంగా ఉపయోగమే. కానీ అరోరా ఏర్పడేది నేల నుంచి దాదాపు వంద కిలోమీటర్ల పైన, కాబట్టి ఆకాశం తెరిపిగా ఉంటే కొండెక్కినందువల్ల అదనంగా కలిగే లాభం పెద్దగా లేదు. డబ్బు కట్టించుకున్న ఒక ఫొటో యాత్రవారు మమ్మల్ని వ్యానెక్కించి దింపిన చోటు మా హాస్టల్ నుంచి నడిచి వెళ్లదగిన సరస్సు గట్టే! మరునాటి రాత్రి మేమే అక్కడికి నడిచి వెళ్లాము. మొదట పలచటి మబ్బు చారలాగా బూడిద రంగులో కనిపించినది కెమెరాలో మాత్రం ఆకుపచ్చగా పడింది. అరగంట గడిచాకే కంటికి కూడా రంగు తెలిసి, అంచులు కదలసాగాయి. చలి ముదిరేకొద్దీ గడ్డకట్టిన సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా చిట్లుతున్న మోత వినబడింది. ఫోను బ్యాటరీని లోపలి జేబులో ఉంచకపోతే ఆ చలికి నిమిషాల్లో ఆగిపోతుంది.

స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలు నేరుగా అబిస్కోకే వస్తుంది, పడక బెర్తులు సౌకర్యంగా ఉన్నాయి. అయితే కిరునా ఇనుప ఖనిజం నార్వేలోని నార్విక్ రేవుకు వెళ్లేదీ ఈ ఒంటి లైను మీదే. 2023 డిసెంబరులో ఖనిజపు రైలు పట్టాలు తప్పినప్పుడు ఈ మార్గం వారాల తరబడి మూతపడింది. తిరుగు ప్రయాణంలో మా రైలు కూడా ఆలస్యమైంది గానీ, కిరునాలో ఒక రాత్రి ఉండి విమానం ఎక్కేలా ముందే ఏర్పాటు చేసుకున్నందువల్ల ఇబ్బంది కలగలేదు. అబిస్కో నుంచి అదే రోజు విమానం పట్టుకునేలా టికెట్లు తీసుకోవద్దని వెళ్లబోయేవారికి నా సలహా.